పాత లోడర్ ట్రాక్టర్ కొనాలా? రిపేరు డబ్బు చేతిలో ఉంచుకుని బేరానికి వెళ్లండి

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక పల్లె. ఐదెకరాల్లో పత్తి, మిర్చి వేస్తాం. నాకు 41 ఏళ్లు. మా ఊళ్లో ఒకాయన దగ్గర ముందు లోడర్ బిగించిన 35 హెచ్‌పీ ట్రాక్టర్ ఉంది. 2011 నవంబర్ రిజిస్ట్రేషన్, ఏపీ 36 నంబర్. రెండేళ్లుగా నడవక చెట్టు కింద ఉంది. 3,10,000 చెబుతున్నాడు. మా మెకానిక్ చూసి ఇంజిన్ పనికి 75,000, లోడర్ పంపు, సీళ్లకు 35,000, ముందు టైర్లు, పిన్నులు, బుష్‌లకు 25,000 పడుతుందన్నాడు. నా చేతిలో 2,20,000 ఉన్నాయి. మిగతాది తెలిసిన ఫైనాన్సర్ నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. ఇంట్లో ఆరు తులాల బంగారం, బిడ్డ చదువు కోసం వేసిన లక్షన్నర ఎఫ్‌డీ ఉన్నాయి. గంటకు 900 కిరాయి నడుస్తోంది. రోజుకు 8 గంటలు, నెలకు 20 రోజులు, ఆరు నెలలు నడిపినా ఏడాదిలో అప్పు తీరుతుందని నా లెక్క. కొనమంటారా?

జవాబు: కొనండి, కానీ 3,10,000 పెట్టి కొనకండి. నూటికి రెండు రూపాయల వడ్డీకైతే అసలు వద్దు. బిడ్డ ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు మీ ఆరు నెలల లెక్క చూద్దాం. 960 గంటలు, 8,64,000 రూపాయలు. కాగితం మీద బాగానే ఉంది. మీ దగ్గర పత్తి కట్టె పీకి, మిర్చి ఏరుడు అయ్యేసరికి మార్చి, ఏప్రిల్ వస్తుంది. చేన్లు ఖాళీ అయ్యాకే పెంట తోలేది, చదును చేసేది. జూన్‌లో వాన పడిందంటే నల్లరేగడిలోకి ముందు బరువున్న బండి దిగదు. అంటే చేను పని గట్టిగా మూడు నెలలే. చెరువు మట్టి ఎత్తుతానని ఆశ పెట్టుకుని ఉంటే దాన్నీ కొంచెం తగ్గించుకోండి. జేసీబీ త్రీడీఎక్స్ ముందు బకెట్‌లో ఒక ఘనమీటరుకు పైగా మట్టి పడుతుంది, 35 హెచ్‌పీ బండి బకెట్ అందులో మూడో వంతు కూడా ఉండదు. గంట కిరాయి తక్కువైనా ట్రిప్పు లెక్కన చూసుకుంటే రైతు జేసీబీనే పిలుస్తాడు.

మీ బండికి గిరాకీ వేరే చోట ఉంది. జేసీబీ దూరలేని గల్లీలు, పశువుల కొట్టాలు, కోళ్ల ఫారాలు. బ్యాచ్ పోయాక షెడ్డులో కోళ్ల పెంట ఎత్తే పని ఏడాది పొడుగునా ఉంటుంది, డబ్బులు కూడా అప్పటికప్పుడే వస్తాయి. కాబట్టి కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది. చుట్టుపక్కల ఫారాలు తిరిగి షెడ్డు ఎత్తు, తలుపు వెడల్పు టేపుతో కొలవండి. బకెట్ పైకెత్తినప్పుడు బండి ఎంత ఎత్తు వస్తుందో కూడా కొలవండి. రేకులకు తగిలేటట్టుంటే ఆ గిరాకీ మీది కాదు, అప్పుడు ఈ బండి ఆలోచనే మానేయొచ్చు.

ఇవన్నీ కలిపి నేను ఏడాదికి 400 గంటలే వేస్తాను. గంటకు 900లో డీజిల్ నాలుగు లీటర్లు, సుమారు 385. మీరే నడిపినా మీ కూలీ గంటకు 100 తీయాలి, ఆ రోజు మీ చేన్లో మీ బదులు ఇంకొకరిని పెట్టుకోవాల్సి వస్తుంది కదా. ఆయిల్, ఫిల్టర్లు, గ్రీజు, టైర్ల అరుగుదలకు 120. చివరికి గంటకు మిగిలేది 295. ఏడాదికి 1,18,000.

ఇందులో ఉద్దెర లెక్క లేదు. "పత్తి అమ్మినంక ఇస్తా" అన్న మాట మీరూ అని ఉంటారు, రేపు మీ గిరాకీలూ అంటారు. ఏనుమాముల మార్కెట్‌లో వాళ్ల పంట అమ్ముడుపోయేదాకా మీ కిరాయి రాదు, ఫైనాన్సర్ వడ్డీ మాత్రం ప్రతి నెలా కట్టాలి. అందుకే మొదటి ఏడాది 1,18,000లో నాలుగో వంతు ఆలస్యంగా వస్తుందనే అనుకోండి.

ఇప్పుడు ఖర్చు. మెకానిక్ చెప్పిన మూడూ కలిపితే 1,35,000. ఆ మెకానిక్ నిజాయితీపరుడే అయినా అది ఇంజిన్ విప్పకముందు చెప్పిన మాట. విప్పాక క్రాంక్ గ్రైండింగ్‌కు పోవాలంటాడు, నాజిళ్లు మార్చాలంటాడు. రెండేళ్లు నిలబడ్డ బండిలో ట్యాంకు తుప్పు పట్టి ఉంటుంది, రబ్బరు సీళ్లు ఎండి ఉంటాయి, వైరింగ్ ఎలుకలు కొరికి ఉండొచ్చు. పాత బండి రిపేరు అంచనాకు ఎప్పుడూ మూడో వంతు కలపండి. అంటే 45,000 కలిపి 1,80,000. కాగితాలకు, ఇన్సూరెన్స్‌కు 15,000. బండి ధరతో కలిపితే 5,05,000. మీ 2,20,000 పోను 2,85,000 అప్పు.

నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. మొదటి నెల వడ్డీయే 5,700. కిరాయి మీద మిగిలిన ప్రతి రూపాయీ అప్పుకే కట్టినా నాలుగేళ్లు పడుతుంది, ఆ నాలుగేళ్లలో వడ్డీ కింద పోయేది సుమారు 1,90,000. అసలు కొంత కట్టినా వడ్డీ మొదటి మొత్తం మీదే గుంజే ఫైనాన్సర్లున్నారు, వాళ్ల దగ్గరైతే ఇంకా ఎక్కువ. ఆ వడ్డీతోనే ఇంజిన్ రెండుసార్లు చేయించుకోవచ్చు!

ఇదే బండి 2,40,000కు దొరికితే అప్పు 2,15,000కు తగ్గుతుంది. దాన్ని బ్యాంకులో బంగారం మీద 10 శాతానికి తీసుకున్నారనుకుందాం. రెండేళ్ల పైచిలుకులో తీరుతుంది, మొత్తం వడ్డీ 35,000 లోపే. తులం లక్ష దాటిన ఈ రోజుల్లో ఆరు తులాలూ పెట్టనక్కర్లేదు, మూడు తులాలకు ఈ లోను వస్తుంది. మిగతా మూడు ఇంట్లోనే ఉంచండి. ఈ లోన్లు ఎక్కువగా ఏడాది గడువుతో ఉంటాయి. గడువుకు వడ్డీతో పాటు అసలులో కొంత కట్టి తిరగరాయించుకోవాలి, మరిచిపోతే వేలం నోటీసు వస్తుంది. బంగారం మీ ఇంటావిడది కాబట్టి ఈ లెక్కంతా ముందు ఆమె ముందు పెట్టండి. ఆమె వద్దంటే అక్కడితో ఆగిపోండి.

పంట లోను మీద 3 లక్షల దాకా టైంకి కడితే 4 శాతమే పడుతుంది కదా, అది బండికి వాడదామన్న ఆలోచన వస్తుంది. వద్దు. ఏడాది లోపు మొత్తం తిరిగి కడితేనే ఆ వడ్డీ, బండి మీద ఏడాదిలో అంత డబ్బు తిరిగి రాదు. జూన్‌లో విత్తనాలకు, ఎరువులకు చేతిలో పైసా లేకుండా పోతుంది.

అమ్మేవాడు 2,40,000కు దిగుతాడా అంటారా? మీ చేతిలో గట్టి కారణాలున్నాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు తగ్గింది. పన్ను కాకుండా 6 లక్షలుండే కొత్త బండి మీద 42,000 తగ్గినట్టు. కొత్తది తగ్గితే పాతది పాత ధరకే ఎలా అమ్ముతారు? అదే రోజు నుంచి ట్రాక్టర్ టైర్లు, హైడ్రాలిక్ పంపులు, ఇంకా చాలా విడిభాగాల మీద కూడా 18 నుంచి 5కు వచ్చింది. మెకానిక్ అంచనా పాత రేట్ల మీద వేశాడేమో అడగండి, పార్టులు బిల్లుతోనే తీసుకోండి.

ఇంకో కారణం బండి దగ్గరే దొరుకుతుంది. మీరు వెళ్లేసరికి స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద, ఇంజిన్ పక్కన చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే తిప్పలు పడి స్టార్ట్ చేశారన్నమాట, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లగా ఉంటే డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి, అప్పుడు 75,000లో పని తేలదు. స్టార్ట్ అయ్యాక పొగ నీలంగా వస్తూనే ఉంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. తర్వాత బకెట్ నిండా మట్టి నింపి, నడుం ఎత్తుకు లేపి, ఇంజిన్ ఆపేయండి. లోడర్ చేతులు పట్టుమని పది నిమిషాలు నిలబడకుండా కిందికి జారుతుంటే సిలిండర్ సీళ్లో, కంట్రోల్ వాల్వో పోయింది. ఆ బకెట్ కింద ఎవరూ నిలబడొద్దు. ముందు చక్రం జాకీ మీద లేపి అటూ ఇటూ ఊపి చూడండి. లోడర్ బరువంతా ముందు యాక్సిల్ మీదే పడుతుంది కాబట్టి కింగ్ పిన్నులు, బేరింగులు మామూలు ట్రాక్టర్ కన్నా తొందరగా అరుగుతాయి. లోడర్ బ్రాకెట్లు చాసిస్‌కు కలిసే చోట కొత్త వెల్డింగ్, కొత్త పెయింట్ కనిపిస్తే అక్కడ ఒకసారి పగిలిందనే అర్థం. అది చూస్తే నేనైతే ఏ ధరకూ కొనను.

రిపేరులో లోడర్ హైడ్రాలిక్, ముందు చక్రాల పని మొదట చేయించండి, సంపాదించి పెట్టేవి అవే. చల్లటి ఇంజిన్ బాగానే స్టార్ట్ అయి పొగ తక్కువగా ఉంటే ఇంజిన్ దించే పని ఒక సీజన్ ఆపొచ్చు. అయితే ఆ 75,000 కొనే రోజునే వేరే ఖాతాలో పడాలి, ఇంకో ఖర్చుకు కదపొద్దు.

కాగితాల విషయంలో మాత్రం మొహమాట పడకండి. బాండ్ పేపర్ మీద రాసుకున్నంత మాత్రాన బండి మీదైపోదు. ఆర్సీలో పేరున్నవారే ఓనరని 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది, ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఆయన మెడకు చుట్టుకుంటుంది. ఇది చెబితే అమ్మేవాడే ఆర్టీఏ ఆఫీసుకు నడిచొస్తాడు. ఆర్సీ మీద, ఆర్టీఏ ఆఫీసు రికార్డులో ఫైనాన్స్ ఎంట్రీ, అంటే బండి మీద తీరని అప్పు ఉందేమో చూడండి. ఉంటే ఫైనాన్స్ కంపెనీ క్లియరెన్స్, ఆ ఎంట్రీ తీసేయించే ఫారం 35 వచ్చాకే డబ్బు కట్టండి. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు ఆ రోజే అయిపోవాలి. 2026 నవంబర్‌తో 15 ఏళ్లు నిండుతాయి కాబట్టి తనిఖీ చేయించి ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. ఆ ఖర్చు ధరలోంచి తీయమనండి. ఇన్సూరెన్స్ వాళ్లకు లోడర్ ఉందని చెప్పి పాలసీ తీసుకోండి, ట్రాలీకి పాలసీ వేరు. వ్యవసాయానికి రిజిస్టరైన బండితో కిరాయికి ఇటుకలు, మొరం తోలి ప్రమాదం చేస్తే కంపెనీ చేతులెత్తేస్తుంది. ఫారాల కిరాయి సంగతి కూడా పాలసీ తీసుకునే ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

టోకెన్ కింద 5,000 మించి ఇవ్వకండి, అది కూడా యూపీఐలో. 2,40,000 దగ్గర మొదలుపెట్టి మహా అయితే 2,50,000 దాకా వెళ్లండి. అంతకు దిగకపోతే ఇంకో నెల ఆగండి. రెండేళ్లు చెట్టు కింద నిలబడ్డ బండికి నెలరోజుల్లో కొత్త గిరాకీ వస్తుందని నేననుకోను.