56 ఏళ్ళ వయసులో గుర్రం కొనొచ్చా? కొనొచ్చు, కానీ ముందు నాడాలు కొట్టే మనిషిని వెతుక్కోండి

మీకు 56 ఏళ్ళు, గుంటూరు శివార్లలో అరెకరం తోట ఉంది, చిన్నప్పటి గుర్రం మోజు ఇంకా తీరలేదు. ఈ వయసులో కొని, నేర్చుకుని, స్వారీ చేయగలనా, నెలకెంత అవుతుంది అని అడిగారు. చేయగలరు. నేను 57లో మొదలుపెట్టాను, ఇప్పుడు 62. పెదకాకాని దగ్గర మా తోటలోనే ఉంటుంది నా గుర్రం. నేను చేసిన తప్పు మాత్రం చేయొద్దు. గుర్రం ఇంటికొచ్చాక నాడాల మనిషి కోసం తిరిగాను నేను.

మన వైపు ఎడ్లకు నాడాలు కొట్టేవాళ్ళు ఉన్నారు కదా, సరిపోతుందిలే అనుకున్నా. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది, దానికి రెండు పలకలు. గుర్రానిది ఒకటే గిట్ట. మేకు గోరులాంటి పైపెంకులోంచే పోవాలి, కాస్త లోపలికి జరిగినా కండలో దిగుతుంది. వచ్చిన పెద్దాయన పనిమంతుడే, ఎడ్ల విషయంలో. రెండో రోజు సాయంత్రానికి నా గుర్రం ముందు కుడికాలు పూర్తిగా మోపకుండా గిట్ట కొన మాత్రమే ఆనించి నిలబడింది. చెయ్యి పెట్టి చూస్తే ఆ గిట్ట మిగతా మూడింటికంటే వేడిగా ఉంది. నాడా పీకించి, చీము తీయించి, ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళ బకెట్లో కాలు పెట్టిస్తూ మూడు వారాలు గడిపాం. గుర్రాలకు ధనుర్వాతం తేలిగ్గా వస్తుంది, అందుకని దానికి టీకా తప్పనిసరి. మీరూ వేయించుకోండి. ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఒకతను ఆరేడు వారాలకోసారి వస్తాడు. చార్జీలు, భోజనం మనవే. మెత్తటి మట్టిలో తిరిగే గుర్రానికి నాడాలే అక్కర్లేదు, గిట్టలు చెక్కితే చాలని చెప్పింది కూడా అతనే!

డాక్టరు విషయమూ అంతే. మన పశువైద్యుల రోజువారీ పని ఎక్కువగా గేదెలతోనే. గుర్రాన్ని చూసిన అనుభవం ఉన్నవాళ్ళెవరో ముందే కనుక్కోండి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ విచారించండి. గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపునొప్పి వచ్చి నేల మీద పడి దొర్లుతుంటే, ఆ అర్ధరాత్రి ఫోన్ నంబరు వెతుక్కునే టైము ఉండదు.

ఇక కొనడం. మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా సంతలో డిసెంబర్లో దిగే మార్వాడీ గుర్రాల వీడియోలు చూసి మనసు పారేసుకోకండి. మూడు నాలుగేళ్ళ పోతు గుర్రం, స్వారీ రాని మనిషి: ఇద్దరూ ఒకరికొకరు నేర్పుకోలేరు. నాది విత్తులు కొట్టించిన ముసలిది. అమ్మినాయన తొమ్మిదేళ్ళన్నాడు. తెలిసిన డాక్టరు నోరు తెరిచి, పై వరుసలో మూల కోత పన్ను చూపించాడు. పదేళ్ళప్పుడు చిగురు దగ్గర మొదలయ్యే గాడి పదిహేనుకి సగం పన్ను దాకా దిగుతుందట. దీనికి సగానికి కొంచెం తక్కువ ఉంది. అంటే పద్నాలుగు దరిదాపు. నేను బేరం ఆడాను గానీ, లోపల సంతోషించాను. ఆ వయసు గుర్రానికి లారీ హారన్లూ, పెళ్ళి బ్యాండూ అన్నీ అలవాటే.

ఫ్లెక్సీలు తప్ప. కాలవ కట్ట మీద ఒక మూల ఊడిపోయిన ఫ్లెక్సీ గాలికి ఫట్‌మని కొట్టుకుంటే, గుర్రం పక్కకు గెంతింది, నేను ఉన్నచోటే ఉన్నాను, అంటే గాల్లో. ఎడమ మణికట్టు విరిగింది. తల నేలకు తగిలింది, హెల్మెట్ ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను. బైకు హెల్మెట్ కాదు, స్వారీ హెల్మెట్ వేరే దొరుకుతుంది. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే మీ డాక్టరుతో మాట్లాడకుండా ఎక్కొద్దు.

మీ బరువెంతో రాయలేదు. గుర్రం తన బరువులో ఐదో వంతు దాకా మోయగలదని లెక్క, జీనుతో కలిపి. తూకం లేకపోతే టేపు చాలు: ముందుకాళ్ళ వెనకగా ఛాతీ చుట్టుకొలత, దాన్ని దానితోనే గుణించి, భుజం కొస నుంచి పిరుదు కొస దాకా పొడవుతో మళ్ళీ గుణించి, 11,880తో భాగించాలి. అన్నీ సెంటీమీటర్లలో. నా గుర్రానికి 170, 157 వచ్చాయి. అంటే 382 కిలోలు. ఐదో వంతు 76. నేను 74, జీను 8. రాత్రి అన్నం మానేసి ఆరు కిలోలు తగ్గేదాకా దాన్ని చేత్తో పట్టుకుని కట్ట మీద నడిపించడమే నా స్వారీ. ఎక్కడానికి ఇప్పటికీ సిమెంటు దిమ్మె వాడతాను. కింద నుంచి రికాబులో కాలు పెట్టి లేస్తే నా మోకాలికీ, దాని వెన్నుకీ ఇద్దరికీ కష్టమే.

ఖర్చు: నాకు మేత, దాణా కలిపి నెలకు ఏడు వేలు, చూసుకునే కుర్రాడికి పదకొండు వేలు, మందులు, నాడాలు వేరే. అన్నీ కలిపి ఇరవై దాటుతుంది. వరిగడ్డి ఒక్కటే వేసి సరిపెట్టొద్దు, అందులో పస లేదు. లేత జొన్న పైరు అసలు పెట్టొద్దు, విషం. ఉలవలు మంచివే, ఒక్కసారిగా పెంచకండి. మేలో మన దగ్గర 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి కదా, అప్పుడు తెల్లవారుజామున అయిదింటికి ఎక్కి ఆరున్నరకల్లా దిగిపోతాను. ఉక్కపోతలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. ఒళ్ళు పొడిగా ఉండి ఆయాసపడుతుంటే వెంటనే నీళ్ళు పోస్తూ, డాక్టరుకు ఫోన్ చేయాలి.

మొదట్లో పిల్లలు "తాతా, పెళ్ళెప్పుడు?" అని వెంటపడేవాళ్ళు. ఇప్పుడు గుర్రాన్నే పలకరిస్తారు, నన్ను కాదు.

ఒకటి మాత్రం కొనేముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. గుర్రం పాతికేళ్ళు, ముప్పై కూడా బతుకుతుంది. మీరు అయిదేళ్ళ గుర్రం తెస్తే అది ముసలిదయ్యేనాటికి మీకెన్నేళ్ళో లెక్కేయండి. నా దానికి ఇప్పుడు పంతొమ్మిది. మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు, గుర్రమంటే వాడికి భయం. అందుకే చూసుకునే కుర్రాడితోనే రాయించుకున్నాను: నేను ఎక్కలేని రోజు వచ్చినా అది ఇదే తోటలో ఉంటుంది, బరాత్‌లకు అద్దెకివ్వకూడదు. దాని మేతకు బ్యాంకులో ఒక డిపాజిట్ వేశాను.