మొదటి నెల జీతాన్ని నమ్ముకుని అమెరికా పంపవద్దు

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ కంప్యూటర్ సైన్స్ 71 శాతంతో పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏడాదికి 4 లక్షల ఉద్యోగం వచ్చింది, ఇంకా చేరలేదు. అమెరికాలో ఎంఎస్‌కు రెండు చోట్ల అడ్మిషన్ వచ్చింది. ఒకటి ప్రభుత్వ యూనివర్సిటీ. రెండేళ్లకు అన్నీ కలిపి 46 లక్షలు అవుతుందట. రెండోది కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన చిన్న యూనివర్సిటీ. ఫీజు 18 లక్షలే. అక్కడ ‘డే వన్ సీపీటీ’ ఉంటుందని, మొదటి నెల నుంచే ఉద్యోగం చేసుకుంటూ ఏడాదిన్నరలో అప్పు తీర్చేయవచ్చని చెబుతున్నారు. వాళ్లకు 40 వేలు అడ్వాన్సు కట్టాం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా వారు నాలుగేళ్ల కిందట పోయారు. మేం బీసీలం. ఇల్లు, రెండెకరాల పొలం ఉన్నాయి. పొలం మీద రెండు రూపాయల వడ్డీకి అప్పు దొరుకుతుంది. అమ్మాయిని అడిగితే ‘నీ ఇష్టం అమ్మా’ అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, రెండో యూనివర్సిటీ సంగతి ముందే తేల్చేస్తాను. అక్కడికి పంపవద్దు. ఫీజు 18 లక్షలు కాదు, 8 లక్షలే అన్నా పంపవద్దు. మొదటిది వేరే సంగతి. ఆ చదువు మంచిదే, కానీ ఈ ఆగస్టులో, ఈ అప్పుతో వద్దు. కన్సల్టెన్సీ వాళ్లు మీకు పూర్తి అబద్ధం చెప్పలేదు. సగం నిజం చెప్పారు. అందుకే కాస్త వివరంగా రాయాల్సి వస్తోంది.

సీపీటీ అంటే చదువులో భాగంగా, యూనివర్సిటీ అనుమతితో బయటి సంస్థలో చేసే శిక్షణ ఉద్యోగం. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వెళ్లినవారు మామూలుగా ఒక విద్యా సంవత్సరం గడిచాకే అది చేయాలి. పీజీలో మాత్రం, మొదటి నుంచే శిక్షణ తప్పనిసరి అని కోర్సులోనే ఉంటే ఏడాది ఆగనక్కర్లేదని ఒక మినహాయింపు ఉంది. ‘డే వన్ సీపీటీ’ కాలేజీలు నడుస్తున్నది ఆ ఒక్క మినహాయింపు మీదే. నిబంధనల్లో ఉన్నదే కదా అంటారు. ఉన్నదే. అయితే ఆ శిక్షణ చదువులో విడదీయలేని భాగమనీ, చేసిన పని సబ్జెక్టుకు సంబంధించినదేననీ రుజువు చేసుకోవాల్సింది కాలేజీ కాదు, కన్సల్టెన్సీ అంతకన్నా కాదు, మీ అమ్మాయి. అదీ మూడు నాలుగేళ్ల తర్వాత, ఎఫ్-1 నుంచి ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీకి మారే రోజున. అప్పుడు అధికారులు పాత కాగితాలన్నీ తిరగేస్తారు. క్లాసులకు నిజంగా వెళ్లిందా, కాలేజీ ఒక రాష్ట్రంలో, ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో ఉంటే ఎలా కుదిరింది, ప్రయాణపు టికెట్లేవి అని అడుగుతారు. సరైన జవాబు లేకపోతే, నిబంధనల ప్రకారం ఉండలేదని తేల్చి వీసా మార్పు నిరాకరిస్తారు.

నిరాకరిస్తే దేశం దాటి వెళ్లి, వీసా స్టాంపు వేయించుకుని రావాలి. ఒకప్పుడు అది కొంత ఖర్చు, కొంత ఆందోళనతో పోయేది. 2025 సెప్టెంబరు 21 తర్వాత లెక్క మారింది. బయటి దేశం నుంచి తీసుకునే కొత్త హెచ్-1బీకి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్న ఉత్తర్వు వచ్చింది. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుంచి మారేవారికి అది వర్తించదని ఇమిగ్రేషన్ శాఖ ఆ తర్వాత స్పష్టం చేసింది. కానీ వీసా మార్పుకు అనర్హులని తేలినవారికి వర్తిస్తుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి కోసం లక్ష డాలర్లు కట్టే కంపెనీ ఎక్కడుంటుంది? ఇంకో సంగతి కూడా మీకు చెప్పి ఉండరు. పూర్తికాల సీపీటీ 12 నెలలు చేస్తే, చదువు అయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి రావాల్సిన అనుమతి, అంటే ఓపీటీ, రాదు. ఎంఎస్ చేసేవారికి నిజంగా విలువైన కాలం ఓపీటీయే. దాన్ని ముందే ఖర్చు పెట్టుకోవడం విత్తనాలు వండుకు తినడం లాంటిది.

ఇక ‘మొదటి నెల నుంచే ఉద్యోగం’ అన్న మాట. అనుమతి వేరు, ఉద్యోగం వేరు. అమెరికాలో ఒక్క సెమిస్టర్ కూడా చదవని, అనుభవం లేని అమ్మాయికి ఏ కంపెనీ మొదటి నెలలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇస్తుందో ఆలోచించండి. ఇచ్చేవి ఎక్కువగా మనవాళ్లే నడిపే చిన్న కంపెనీలు. నలుగురైదుగురిని ఒక ఇంట్లో ఉంచి, రెజ్యూమెలో లేని ఆరేళ్ల అనుభవం రాయించి, ఇంటర్వ్యూలకు పంపుతారు. ఆ అబద్ధం ఆమె పేరు మీద శాశ్వతంగా రికార్డులో ఉంటుంది. రాయించిన వ్యక్తి పేరు ఎక్కడా ఉండదు.

మన పిల్లలకు ఇది కొత్త కాదమ్మా. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు అక్కడ చదువుతున్నవారిలో ఎక్కువమంది తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు ట్రాకింగ్ పరికరాలు కట్టిన ఫొటోలు మన పత్రికల్లో చూశాం. దాన్ని నడిపిన మహిళకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. 2019 జనవరిలో బయటపడిన మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అసలు యూనివర్సిటీయే కాదు. క్లాసుల్లేవు, పాఠాలు చెప్పేవారు లేరు. అధికారులే పన్నిన వల అది. అక్కడ దొరికినవారిలోనూ దాదాపు అందరూ మన దేశపు పిల్లలే, చేర్పించిన దళారుల్లోనూ తెలుగువాళ్లున్నారు. ‘ప్రభుత్వ గుర్తింపు జాబితాలో పేరుంది చూడండి’ అని కన్సల్టెన్సీ వాళ్లు మీకు చూపించే ఉంటారు. ఫార్మింగ్టన్ పేరు కూడా ఆ జాబితాలో ఉండేది. మీకు చెప్పిన కాలేజీ అలాంటి నకిలీదని నేను అనడం లేదు. గుర్తింపు ఉన్నంత మాత్రాన చదువు ఉన్నట్టు కాదని మాత్రం చెబుతున్నాను. చదువు ఎలా ఉంటుందన్నది వదిలేసి ఉద్యోగం గురించే చెప్పే చోటుకు పిల్లను పంపకూడదు.

ఇప్పుడు మొదటి యూనివర్సిటీ, 46 లక్షలు.

వీసా కోసం ఆ యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం మీ దగ్గర ఉంటుంది. మొదటి పేజీలో ఖర్చుల పట్టిక పైన ఎన్ని నెలలకో రాసి ఉంటుంది. చాలా ఐ-20లలో అది 9 నెలలు. అంటే వేసవి మూడు నెలల అద్దె, తిండి అందులో లేవు. చాలామంది తల్లిదండ్రులు దాన్ని ఏడాది ఖర్చనుకుని రెండుతో హెచ్చిస్తారు. మీకు చెప్పిన 46 లక్షలు అలా వచ్చినవే అయితే ఇంకా పెంచి చూసుకోవాలి. అదే పేజీలో కోర్సు పేరు పక్కన అంకెల కోడ్ ఉంటుంది. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉందో లేదో అమ్మాయి చేతే చూపించుకోండి. ఉంటే ఓపీటీ 12 నెలల తర్వాత ఇంకో 24 నెలలు పొడిగిస్తారు, లేకపోతే ఏడాదితో సరి. మొదటి ఏడాది ఓపీటీలో మొత్తం 90 రోజుల కన్నా ఎక్కువ ఖాళీగా ఉండకూడదన్న షరతు కూడా ఉంది.

ఆ మూడేళ్ల తర్వాత ఏమవుతుందన్నది లాటరీ. లాటరీలో ఇచ్చే కొత్త హెచ్-1బీలు ఏడాదికి 85 వేలే. 2026 నుంచి ఎక్కువ జీతపు స్థాయి ఉన్న దరఖాస్తుకు ఎక్కువ అవకాశం వచ్చేలా పద్ధతి మార్చారు. పై స్థాయి వారి పేరు నాలుగు సార్లు పడితే, కొత్తగా చేరినవారు ఉండే కింది స్థాయి పేరు ఒక్కసారే పడుతుంది. కాబట్టి అమెరికాలో స్థిరపడుతుందన్న లెక్కతో అప్పు చేయవద్దు. తిరిగి వచ్చినా తీర్చగలిగినంత అప్పే చేయండి. ఏ ఇంటికైనా నేను చెప్పేది ఈ ఒక్క కొలతే. మీ ఇంటికి ఇంకా గట్టిగా చెబుతాను, మీ వెనక ఇంకో సంపాదన లేదు కనుక.

లెక్క చూడండి. 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెలకు 55 వేల కిస్తీ. చదివే రోజుల్లో పేరుకునే వడ్డీ ఇందులో కలపలేదు. ఇక్కడ 4 లక్షల ఉద్యోగంలో చేతికి వచ్చేది నెలకు 30 వేల దగ్గర. అదే 20 లక్షల అప్పైతే కిస్తీ 27,500 అవుతుంది. మూడు నాలుగేళ్ల అనుభవం, ఎంఎస్ డిగ్రీ ఉన్న అమ్మాయి హైదరాబాద్ జీతంతోనే కట్టుకోగలదు. మీ గీత అక్కడ గీసుకోండి.

పొలం మీద రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 10 లక్షలు తెస్తే నెలకు 20 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. చదువు అప్పులకు బ్యాంకులు సాధారణంగా సాగు భూమిని తాకట్టుగా తీసుకోవు, అందుకే ఊళ్లో వాళ్ల దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. వెళ్లవద్దు. తీసుకుంటే ఇంటి కాగితాల మీద ప్రభుత్వ రంగ బ్యాంకులో, చదువు అయ్యేదాకా కిస్తీ లేని అప్పు తీసుకోండి. యూనివర్సిటీలో వారానికి 20 గంటల పని దొరికితే తిండి ఖర్చు, కొంత అద్దె గడుస్తాయి, ఫీజు గడవదు. బయట దుకాణాల్లో, పెట్రోలు బంకుల్లో అనుమతి లేని పని ఒక్క రోజు కూడా చేయవద్దని చెప్పండి.

46 లక్షలను ఆ గీత దాకా ఎలా దించుతారు? రాష్ట్ర ప్రభుత్వానికి మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యా నిధి పథకం ఉంది. ఎంపికైతే 20 లక్షలు ఇస్తారు, అది అప్పు కాదు. డిగ్రీలో 60 శాతం, కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. మీ జీతానికి, మీ అమ్మాయి మార్కులకు దరఖాస్తు చేయకపోవడమే తప్పు. నోటిఫికేషన్ ఈపాస్ వెబ్‌సైట్‌లో వస్తుంది. ఆదాయ, కుల ధ్రువపత్రాలు ఇప్పుడే మీసేవలో తీసిపెట్టుకోండి. ఒక జాగ్రత్త: డబ్బు అక్కడికి వెళ్లాక సగం, మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత సగం ఇస్తారు. కాబట్టి మొదటి సెమిస్టర్ ఫీజు మీరే సిద్ధం చేసుకోవాలి, అందుకు ఈ పథకం డబ్బును నమ్ముకోకూడదు. ఎంపిక కాకపోతే 46 లక్షల చదువు మీ ఇంటికి తగినది కాదు. చిన్న ఊళ్లలో, ఫీజు తక్కువ ఉన్న ప్రభుత్వ యూనివర్సిటీలకు వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు చేయాలి.

అందుకే ఈ ఏడాది ఆగమంటున్నాను. అమ్మాయిని హైదరాబాద్ ఉద్యోగంలో చేరనివ్వండి. చేరే ముందు రెండేళ్ల బాండ్ లాంటిది ఉందేమో ఆఫర్ లెటర్ చదవమనండి. ఏడాది నిజమైన అనుభవం ఆమెకు అక్కడ ఇంటర్న్‌షిప్ వెతుక్కునేటప్పుడు అక్కరకొస్తుంది. జీఆర్ఈ స్కోరు అయిదేళ్లు, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ రెండేళ్లు చెల్లుతాయి కాబట్టి రాసిన పరీక్షలు వృథా కావు.

‘నీ ఇష్టం అమ్మా’ అన్న మాట మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. తండ్రి లేని ఇంట్లో పెరిగిన పిల్ల, మీ మీద భారం పడుతుందని వెళ్తాననీ అనలేక, వెళ్లననీ అనలేక ఉండి ఉంటుంది. ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని, మీ జీతం, ఇంటి విలువ, పొలం మీద ఏటా వచ్చేది అన్నీ ఒక కాగితం మీద ఆమె చేతే రాయించండి. 55 వేల కిస్తీ లెక్క కూడా ఆమే వేయాలి. అంతా తెలిశాక ఆమె ఏమంటుందో వినండి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వీసా అధికారి ‘ఈ యూనివర్సిటీయే ఎందుకు?’ అని అడిగేది ఆమెనే. అక్కడ ‘అమ్మ ఇష్టం’ అనలేదు. ఏ ప్రొఫెసర్ ఏం పరిశోధిస్తున్నారో, ఏ సబ్జెక్టులు తీసుకోబోతోందో సొంతంగా వెతికి చెప్పగలిగితే వెళ్లాలన్న కోరిక ఆమెదేనని మీకూ తెలుస్తుంది. వద్దంటే, గేట్ రాసి ఇక్కడే ఎంటెక్ చేయడం తక్కువేమీ కాదు.

వెళ్తానంటే, ప్రభుత్వ యూనివర్సిటీ అడ్మిషన్ ఆఫీసుకు ఈ వారమే మెయిల్ పంపమనండి. కుటుంబ ఆర్థిక కారణాల వల్ల వచ్చే ఏడాది ఫాల్‌కు (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌కు) అడ్మిషన్ వాయిదా వేయగలరా, డిపాజిట్ అలాగే ఉంచుతారా అని రెండు వాక్యాలు రాస్తే చాలు. చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. రెండో కాలేజీకి చేరడం లేదని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. ఆ 40 వేల అడ్వాన్సు రసీదు చూపించి అడగండి, ఇవ్వకపోయినా దాని కోసం పిల్లను అక్కడికి పంపే ఆలోచన చేయవద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆ కన్సల్టెన్సీ దగ్గరే ఉంటే, చేరడం లేదన్న మాట చెప్పకముందే వెళ్లి తెచ్చుకోండి.