ఓహయో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మ్యాట్ ప్యాట్రీషియాను డిఫెన్స్ కోచ్‌గా పెట్టుకోవడం తప్పా? అభిమానులు అంతలా ఎందుకు కొట్టుకున్నారు?

ఈ ప్రశ్న చూడగానే నాకు ప్యాట్రీషియా గుర్తు రాలేదు. 2022 నవంబరు 26 గుర్తొచ్చింది. కాబట్టి ఒక్క ముక్కలో జవాబు కావాలనుకునేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

నేను 2021లో ఎంఎస్ చేయడానికి కొలంబస్‌లోని ఓహయో స్టేట్‌కి వచ్చాను. అప్పటిదాకా ఫుట్‌బాల్ అంటే నాకు కాలితో తన్నే ఆటే. మా నాన్నకైతే ఇప్పటికీ అంతే. ఏటా స్టేడియం ఫొటో పంపుతాను, ఏటా ఆయన "చేత్తో పట్టుకుని పరిగెత్తేదాన్ని ఫుట్‌బాల్ అంటారేంట్రా" అని అడుగుతారు. నన్ను ఈ పిచ్చిలోకి దించింది మా రూమ్మేట్, ఖమ్మం వాడు. మా బద్ధశత్రువు మిషిగన్ యూనివర్సిటీతో మ్యాచ్ ఉన్న వారంలో క్యాంపస్‌లో బోర్డుల మీద "ఎం" అక్షరం ఎక్కడ కనిపించినా ఎర్ర టేపుతో ఇంటూ గుర్తు పెట్టేస్తారు. మొదటి ఏడాది అది చూసి ఎవరో ఆకతాయిల పని అనుకున్నాను. రెండో ఏడాదికి టేపు చుట్ట నా చేతిలోనే ఉంది.

ఆ మొదటి ఏడాది మిషిగన్ చేతిలో 42-27తో ఓడిపోయాం. వాళ్లు బంతి పట్టుకుని మన మీద నుంచి నడుచుకుంటూ పోయారు. అందుకని ఓక్లహోమా స్టేట్ నుంచి జిమ్ నోల్స్‌ను డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా, అంటే ఎదుటివాళ్లని ఆపే బృందానికి కోచ్‌గా తెచ్చుకున్నారు. జీతం ఏడాదికి 19 లక్షల డాలర్లు. అప్పుడు నేను గంటల లెక్కన జూనియర్ల హోంవర్కులు దిద్దుతున్నాను. నాకెంత వచ్చేదో చెప్పను, చెబితే మీకే బాధేస్తుంది. అయినా ఆయన జీతం చూసి మేమంతా పండగ చేసుకున్నాం, అదేదో మా ఇంట్లో వాళ్లకి వచ్చినట్టు. కార్నెల్‌లో చదివినవాడు, మహా బుర్ర, ఇక మిషిగన్ పని అయిపోయింది అనుకున్నాం.

2022 నవంబరు 26న మళ్లీ మిషిగన్‌తో మ్యాచ్. దానికి స్టూడెంట్ టికెట్ తీసుకోవడం బద్ధకంతో మర్చిపోయాను. చివరికి రీసేల్‌లో 280 డాలర్లు పోశాను. మీద సర్వీస్ ఫీజు వేరే. టికెట్టు ఫోన్‌కే వస్తుంది కదా, ఇంక సర్వీసు ఎవడు చేశాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది మా స్టేడియం. 1922లో కట్టింది, అంటే సరిగ్గా నూరేళ్లు. లక్ష మందికి పైగా జనం. ఒకవైపు నుంచి "ఓ-హెచ్" అంటే ఇంకోవైపు నుంచి "ఐ-ఓ" అని వస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. నా పక్క సీట్లో డెబ్బై దాటిన పెద్దాయన. మెడలో మా జట్టు గుర్తయిన బక్కై గింజల దండ, ఒళ్లో చిన్న రేడియో. కళ్లెదుట ఆట జరుగుతుంటే చెవిలో కామెంటరీ పెట్టుకునే రకం. మా ఊళ్లో రంజీ మ్యాచ్‌లకి వచ్చే తాతగారిని చూసినట్టే అనిపించింది.

మొదట్లో బాగానే ఉంది. మిషిగన్‌లో అసలైన రన్నర్ బ్లేక్ కోరమ్ మోకాలి దెబ్బతో దాదాపు కూర్చుండిపోయాడు. మనం ముందంజలో ఉన్నాం. అప్పుడు వాళ్లకి థర్డ్ డౌన్ వచ్చింది, అంటే పది గజాలు సాధించడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోది. పెద్దాయన ఒక్కసారిగా లేచి నిలబడి, "వెనక ఎవరూ లేరు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. నోల్స్ అందరినీ వాళ్లలో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మెకార్తీ మీదకి తోలాడు. మెకార్తీ చిన్న పాస్ వేశాడు, పట్టుకున్న కార్నీలియస్ జాన్సన్‌ని మనవాడు ఒకడు ఆపలేకపోయాడు. అంతే, ఇక ముందర గడ్డి తప్ప ఇంకేం లేదు. 69 గజాల టచ్‌డౌన్, అంటే బంతిని గోల్ గీత దాటించేశాడు. కాసేపటికి అదే జాన్సన్, ఈసారి 75 గజాలు.

పెద్దాయన కూర్చుని రేడియో సౌండు తగ్గించేశాడు. "ఒక్కణ్ణి వెనక ఉంచితే పోయేదేముంది?" అని నన్ను అడిగాడు, ఆ ప్లాన్ నేనే గీసినట్టు.

ప్రతిదానికీ క్రికెట్ పోలిక తెచ్చేవాళ్లంటే నాకు చిరాకు. కానీ దీనికి ఇంకో పోలిక దొరకదు. ఫీల్డర్లందరినీ స్లిప్పుల్లో పెట్టి బౌండరీ దగ్గర ఒక్కణ్ణి కూడా పెట్టకపోతే ఎలా ఉంటుంది? ఎడ్జ్ తగిలితే మీరు మేధావి. తగలకపోతే బాల్ బాయ్ తప్ప బంతి తెచ్చేవాడు ఉండడు.

హాఫ్ టైమ్‌కి 20-17తో మనదే ఆధిక్యం. అయినా ఆ పెద్దాయన మొహంలో కళ లేదు. ఆయనకి ముందే తెలుసు. చివరి క్వార్టర్‌లో కోరమ్ బదులు వచ్చిన డోనోవన్ ఎడ్వర్డ్స్ ఒకసారి 75, ఇంకోసారి 85 గజాలు ఎవరూ ముట్టుకోకుండా పరిగెత్తాడు. 45-23. రెండో పరుగుకి పెద్దాయన లేచి, దండ తీసి జేబులో పెట్టుకుని, "వచ్చే ఏడాది చూద్దాం" అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు. నేను మాత్రం చివరిదాకా కూర్చున్నాను. 280 డాలర్లు మరి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, 2025 జనవరిలో నోల్స్ పెన్ స్టేట్‌కి వెళ్లిపోయి, ఫిబ్రవరిలో ఆ కుర్చీలోకి ప్యాట్రీషియా వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూప్ రెండుగా చీలిపోయింది. వ్యతిరేకించిన వర్గానికి నాయకుణ్ణి నేనే. ప్రొఫెషనల్ జట్టు డెట్రాయిట్ లయన్స్ హెడ్ కోచ్‌గా అతని రికార్డు 13 గెలుపులు, 29 ఓటములు, ఒక టై. 2018లో ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో, అతను నడిపిన ప్యాట్రియాట్స్ డిఫెన్స్ మీద ఈగిల్స్ 538 గజాలు సాధించి, బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌తో 41-33తో గెలిచింది. చెవి మీద పెన్సిల్, చదివింది ఏరోనాటికల్ ఇంజినీరింగ్. నా భయం ఆ చివరిదే. మళ్లీ ఇంకో మహా బుర్ర! మా రూమ్మేట్ మాత్రం "ప్యాట్రియాట్స్‌లో టైటిల్ రింగులు గెలిచినోడురా, నీకంటే తెలియదా" అని ఒకటే గోల. మధ్యలో ఇంకో బ్యాచ్ ఉంటుంది, జీవితంలో ఒక్క మ్యాచ్ పూర్తిగా చూడరు, హైలైట్స్ రీల్ పంపి "ఇదీ అసలు విషయం" అంటారు. వాళ్లని గ్రూపులోంచి తీసేసే హక్కు అడ్మిన్‌కి ఉండాలి. ఉంది కూడా, వాడు వాడడు.

నేనూ మా వాడూ బిర్యానీ పందెం కాశాం. ఆగస్టు 30న టెక్సస్‌తో మొదటి మ్యాచ్‌లో 20 పాయింట్లు దాటి ఇస్తే వాడు పెట్టాలి, లేకపోతే నేను. అప్పటికి టెక్సస్ దేశంలో నంబర్ వన్, క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్. గోల్ గీతకి గజం దూరంలో, నాలుగో డౌన్‌లో, మ్యానింగ్ బంతి పట్టుకుని తలదూర్చాడు. మనవాళ్లు గోడలా నిలబడ్డారు. 14-7తో గెలిచాం. నవంబరులో మిషిగన్‌ని వాళ్ల గడ్డ మీదే 27-9తో ఓడించాం. టీవీ ముందు కూర్చుని ప్రతి థర్డ్ డౌన్‌కీ నా కళ్లు వెనక ఉన్న కేలెబ్ డౌన్స్‌ని వెతికేవి. ఉన్నాడా? ఉన్నాడు. హమ్మయ్య. ఇది నాకు ఇక పోని జబ్బు.

నోల్స్ వెళ్లిన పెన్ స్టేట్ సంగతి చెప్పకుండా ఉండలేను. అక్టోబరులో, అప్పటిదాకా ఒక్క మ్యాచ్ గెలవని యూసీఎల్ఏకి 42 పాయింట్లు సమర్పించుకుంది. తర్వాత మన చేతిలో 38-14. ఆ రోజు మా గ్రూపులో జరిగిన హడావుడి ఇక్కడ రాయలేను.

అలాగని నోల్స్‌ని పనికిరానివాడు అనను. ఆ నవంబరు తర్వాత ఆయన మారాడు. 2023లో ఆ గండ్లు చాలావరకు పూడ్చాడు. 2024 అక్టోబరులో ఓరెగాన్ చేతిలో 32-31తో ఓడాక మళ్లీ సరిదిద్దుకున్నాడు. అదే ఓరెగాన్‌ని రోజ్ బౌల్ నాకౌట్ మ్యాచ్‌లో 41-21తో ఓడించాం, 2025 జనవరి 20న అట్లాంటాలో నోటర్‌డేమ్‌ని 34-23తో ఓడించి జాతీయ టైటిల్ తెచ్చుకున్నాం. అందుకే కోచ్‌ని పెట్టుకున్న రోజున కొట్టుకోవడం దండగ అంటాను. నేనే ఎక్కువ కొట్టుకున్నాను, అది వేరే విషయం. దెబ్బ తిన్నాక ఏం మార్చుకుంటాడన్నదే చూడాలి.

ప్యాట్రీషియాకి ఆ దెబ్బ 2025 సీజన్‌లో సరిగ్గా తగల్లేదు. ఇండియానాతో మా బిగ్ టెన్ లీగ్ ఫైనల్ 13-10తో పోయింది, 13 పాయింట్లిచ్చిన డిఫెన్స్‌ని ఏమంటాం? చివర్లో మన 27 గజాల ఫీల్డ్ గోల్ కిక్ తప్పింది, అది కిక్కర్ ఖాతా. కాటన్ బౌల్ నాకౌట్ మ్యాచ్‌లో మయామీ 24-14తో గెలిచింది, అందులో ఒక టచ్‌డౌన్ మన క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతినే వాళ్లు పట్టుకుని తెచ్చుకున్నది. అది అఫెన్స్ ఖాతాలో రాసుకోవాలి. మా రూమ్మేట్ దీనికీ ఒప్పుకోడు, రెండూ ఓటములే కదా అంటాడు. ఓడినప్పుడు మాత్రం తను వెనకేసుకొచ్చిన కోచ్‌తో వాడికి సంబంధం ఉండదు.

బిర్యానీ పెట్టాను. వాడు మటన్ చెప్పాడు.