కియారీ ఆపరేషన్ అయి మూడు నెలలైనా నొప్పి తగ్గడం లేదు... విఫలమైనట్టేనా?

ప్రశ్న: నా వయసు 36. దగ్గినా తుమ్మినా తల వెనక పగిలిపోతున్నంత నొప్పితో, చేతుల్లో తిమ్మిర్లతో ఏళ్ల తరబడి బాధపడ్డాను. ఎమ్మారై తీస్తే కియారీ మాల్‌ఫార్మేషన్ టైప్-1 అని, వెన్నుపాములో నీటి తిత్తి కూడా ఉందని తేలింది. మూడు నెలల కిందట అక్కడి ఒత్తిడి తగ్గించే డీకంప్రెషన్ సర్జరీ చేశారు. దగ్గితే వచ్చే నొప్పి ఇప్పుడు లేదు. కానీ మెడ పట్టేస్తోంది. తల వెనక ఉండుండి షాక్ కొట్టినట్టు అవుతోంది. ఎడమ చేతి తిమ్మిరి అలాగే ఉంది. రోజూ నొప్పి మాత్ర వేసుకోక తప్పడం లేదు. ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టర్లు చెప్పారు కాబట్టి, ఇంకా ఎందుకు పడుకుంటున్నావని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు. ఆపరేషన్ విఫలమైందా?

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే అలా అనిపించడం లేదు. దగ్గితే వచ్చే నొప్పి పోయిందన్నారు, అది చాలా మంచి సూచన. ఈ జబ్బులో చిన్నమెదడు కింది కొసలు పుర్రె అడుగున ఉన్న రంధ్రంలోంచి మెడలోకి జారి, మెదడుకూ వెన్నుపాముకూ మధ్య ద్రవం తిరిగే దారిని ఇరుకు చేస్తాయి. దగ్గినప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి తల వెనక నొప్పి పుట్టేది అందుకే. ఈ ఆపరేషన్‌తో అన్నిటికంటే బాగా తగ్గేది కూడా ఆ నొప్పే. అది ఆగిందంటే దారి తెరుచుకుందని ఆశించవచ్చు. మిమ్మల్ని పరీక్షించి, ఎమ్మారై చూసి మీ సర్జన్ దాన్ని నిర్ధారించాలి.

మరి ఇప్పుడున్న నొప్పులేమిటి? మీకున్నది ఒక నొప్పి కాదు, కనీసం మూడు. కారణాలు వేరు, మందులు వేరు, తగ్గడానికి పట్టే కాలమూ వేరు.

మెడ పట్టేయడం కండరాల నుంచి వస్తోంది. తల వెనక నుంచి మెడ మీదుగా కోత పెట్టి, అక్కడి కండరాలను ఎముక నుంచి విడదీసి, పుర్రె అడుగున కొంత ఎముకనూ మొదటి వెన్నుపూస వెనక భాగాన్నీ తీస్తారు. చాలామందికి మెదడు పైపొరను కూడా తెరిచి, అతుకు వేసి కుడతారు. నాలుగైదు కిలోల తలను రోజంతా నిలబెట్టేవి ఆ కండరాలే. అవి మళ్లీ అతుక్కుని బలం పుంజుకోవడానికి నెలలు పడుతుంది. నొప్పికి భయపడి మెడను కదల్చకుండా బిగబట్టుకుంటే అవి మరింత బిగుసుకుంటాయి. సర్జన్ ప్రత్యేకంగా చెబితే తప్ప కాలర్‌ను నెలల తరబడి వాడటం నాకు ఇష్టం ఉండదు, కండరాలు ఇంకా బలహీనపడతాయి. మీ సర్జన్ అనుమతి తీసుకుని, ఈ ఆపరేషన్ గురించి తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గర నెమ్మదిగా మొదలుపెట్టండి. వేడి కాపడం పెట్టుకోవచ్చు కానీ మచ్చ చుట్టూ స్పర్శ తక్కువగా ఉంటే చర్మం కాలినా తెలియదు, కాబట్టి గోరువెచ్చగానే ఉండాలి. మెడను విసురుగా తిప్పి శబ్దం వచ్చేలా చేసే మసాజుల జోలికి మాత్రం ఎప్పటికీ వెళ్లకండి.

షాక్ కొట్టినట్టు వచ్చే నొప్పి తల వెనక చర్మానికి స్పర్శనిచ్చే ఆక్సిపిటల్ నరాలది కావచ్చు. కోత వాటికి దగ్గరగానే ఉంటుంది. దీనికి పారాసిటమాల్ పెద్దగా పనిచేయదు. గబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ వంటి నరాల నొప్పి మందులను డాక్టర్ తక్కువ మోతాదుతో ప్రారంభించి పెంచుతారు. వాటితో తగ్గకపోతే ఆ నరం దగ్గర ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అమిట్రిప్టిలిన్ డిప్రెషన్‌కు కూడా వాడే మందు. అది రాసినంత మాత్రాన మీ నొప్పి మనసులో పుట్టిందని డాక్టర్ అనుకుంటున్నట్టు కాదు.

చేతి తిమ్మిరి విషయంలో మీకు నిజం చెప్పాలి. అది వెన్నుపాములోని తిత్తి వల్ల వచ్చినది. ద్రవం దారి తెరుచుకున్నాక చాలామందిలో తిత్తి నెలల మీద కుదించుకుపోతుంది, కొందరికి ఏడాది దాటినా ఆ మార్పు కొనసాగుతూనే ఉంటుంది. అయితే తిత్తి తగ్గినంత వేగంగా తిమ్మిరి తగ్గదు. నరాల తంతువులు ఏళ్ల తరబడి నలిగి ఉంటే కొంత మొద్దుదనం మిగిలిపోవచ్చు. ఆపరేషన్ ముఖ్య ఉద్దేశం నష్టం ఇంకా పెరగకుండా ఆపడం, పోయినదంతా తిరిగి రావడమన్నది అందరికీ జరగదు. ఆ చేతికి వేడి, నొప్పి తెలియకపోయే ప్రమాదం ఉంది కాబట్టి నీళ్ల వేడిని రెండో చేత్తోనే చూసుకోండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది రోజూ వేసుకునే మాత్ర. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటివి నెలకు 15 రోజులు, ట్రమడాల్, కొడీన్ వంటివి లేదా రెండు మూడు మందులు కలిపిన మాత్రలు 10 రోజులు, అలా మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెట్టవచ్చు. అలాగని ఇవాళే ఆపేయకండి. ఏ మాత్ర, ఎన్ని వేసుకుంటున్నారో డాక్టర్‌కు చెప్పి పద్ధతిగా తగ్గించుకోండి. ట్రమడాల్, కొడీన్ మలబద్ధకం తెస్తాయి. ముక్కితే తలలో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి దాన్నీ అశ్రద్ధ చేయవద్దు.

అలసట గురించి మీరు విడిగా రాయలేదు కానీ, పడుకునే ఉంటున్నారన్నదాన్ని బట్టి అది కూడా ఉన్నట్టుంది. ఒక మంచి రోజు రాగానే పెండింగ్ పనులన్నీ చేసేసి, తర్వాత రెండు రోజులు లేవలేకపోవడం ఈ ఆపరేషన్ అయినవాళ్లలో నేను తరచూ చూసేదే. బాగున్న రోజున ఇంకా చేయగలననిపిస్తుండగానే ఆపండి. బాగాలేని రోజున కూడా కాసేపు నడవండి. బరువులు ఎత్తడం, డ్రైవింగ్ మీ సర్జన్ సరేనన్నాకే. ఇంట్లోవాళ్లకు ఈ జవాబు చూపించండి. బయట కుట్లు మానినా, లోపల కండరాలూ నరాలూ ఇంకా మానుతున్నాయి. మీరు బద్ధకంతో పడుకోవడం లేదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి: మచ్చ నుంచి నీళ్లలాంటి ద్రవం కారడం, మెడ వెనక వాపు పెరగడం, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, వాంతులతో పెరిగే తలనొప్పి, మగత, చూపు రెండుగా కనిపించడం, మింగడంలో ఇబ్బంది, నిద్రలో ఊపిరి ఆగడం, నడక తూలడం, చేతుల్లో కాళ్లలో కొత్తగా బలహీనత, మూత్రంపై అదుపు తప్పడం. తగ్గిపోయిన దగ్గు నొప్పి మళ్లీ మొదలైనా సర్జన్‌కు వెంటనే తెలియజేయండి.

తిత్తి ఎలా ఉందో చూసే ఎమ్మారై సాధారణంగా ఆపరేషన్ తర్వాత మూడు నుంచి ఆరు నెలల మధ్య తీస్తారు. మీకు ఎప్పుడు తీస్తారో అడగండి. వెళ్లేటప్పుడు మెడ నొప్పి, షాకులు, తిమ్మిరి ఈ మూడింటినీ వేర్వేరుగా, ఎప్పుడు వస్తున్నాయి, ఏం చేస్తే పెరుగుతున్నాయి అన్నది కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. ఊరికే నొప్పి అని చెబితే మాత్ర మోతాదు పెంచి పంపేసే అవకాశం ఉంది. విడదీసి చెబితే దేనికి తగిన చికిత్స దానికి మొదలవుతుంది.