గంజాయి షాపులో వాటా: పన్ను 5 శాతం పెరిగితే మిగిలేదెంత?

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఉంటున్నాం, గ్రీన్‌కార్డు ఉంది. లైసెన్సు ఉన్న గంజాయి రిటైల్ షాపులో 60 వేల డాలర్లు పెట్టి వాటా తీసుకోమని మిత్రుడు అడుగుతున్నాడు. ఈ షాపులపై మా సిటీ పన్నును 5 నుంచి 10 శాతానికి పెంచే ప్రతిపాదన ఓటింగుకు వస్తోంది. ‘కొనేవాళ్లే కడతార్లే’ అంటున్నాడు. పెట్టొచ్చా?

జవాబు: ఓటింగు ఫలితం తేలేదాకా చెక్కు రాయకండి.

కాలిఫోర్నియాలో పన్ను మీద పన్ను పడుతుంది. 100 డాలర్ల సరుకుకు సిటీ పన్ను 5 కలిపితే 105. దాని మీద రాష్ట్ర ఎక్సైజ్ 15 శాతం, మొత్తం మీద సేల్స్ ట్యాక్స్ 9 శాతం అనుకుంటే బిల్లు 131.62 డాలర్లు. సిటీ పన్ను 10 అయితే 137.89. అంటే పెంపు 5 కాదు, 6.27. రాష్ట్ర ఎక్సైజూ నిలకడగా లేదు: 2025 జులైలో 19 శాతానికి పెంచి, అక్టోబరులో మళ్లీ 15కి దించారు. బిల్లు పెరిగితే కొనేవాళ్లు పక్క సిటీకో, లైసెన్సు లేని అమ్మకందారు దగ్గరికో పోతారు. వాళ్లను నిలుపుకోవాలంటే షాపే ధర తగ్గించుకోవాలి.

అప్పుడు దెబ్బ ఎక్కడ పడుతుందో చూడండి. నెలకు అమ్మకం 2 లక్షల డాలర్లు, సరుకు ఖర్చు లక్ష, అద్దె, జీతాలు, ఇప్పటి సిటీ పన్ను కలిపి 70 వేలు అనుకుందాం. చూడ్డానికి లాభం 30 వేలు. కానీ గంజాయి ఫెడరల్ షెడ్యూల్ 1లో (అత్యంత కఠిన నియంత్రణ ఉన్న మాదకద్రవ్యాల జాబితాలో) ఉన్నంతకాలం ఫెడరల్ ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 280ఈ ప్రకారం సరుకు ఖర్చు తప్ప అద్దె, జీతాలు మినహాయించుకోనివ్వరు. షాపు సి కార్పొరేషన్ (తన ఆదాయంపై తానే పన్ను కట్టే కంపెనీ) అయితే, అమ్మకంలోంచి సరుకు ఖర్చు మాత్రమే తీసేయగా మిగిలిన లక్ష మీద 21 శాతం, అంటే 21 వేలు కట్టాలి. మిగిలేది 9 వేలు. సిటీ పన్ను పెంపు లాభం మీద కాదు, అమ్మకం మీద: నెలకు 10 వేలు. అంటే వెయ్యి నష్టం! ఆ పన్నును ఆదాయంలోంచి తీసేయనిచ్చినా ఆదా 2,100 డాలర్లే, చేతికొచ్చేది 1,100. రాష్ట్ర ఆదాయపు పన్ను ఈ లెక్కలో కలపలేదు.

మీ మిత్రుణ్ని మొహమాటపడకుండా ఇవి అడగండి: గత 8 త్రైమాసికాల ఎక్సైజ్, సేల్స్ ట్యాక్స్ రిటర్నులు, సిటీకి కట్టిన రశీదులు, ఫెడరల్ రిటర్ను. వసూలైన పన్ను వేరే ఖాతాలో ఉంటోందో లేదో చూడండి. చేతిలో నగదు ఆడే వ్యాపారం కదా, ఆ డబ్బును సరుకుకు వాడేసుకోవడం తేలిక. ఎక్సైజ్ కట్టకపోతే బాకీలో సగం పెనాల్టీగా పడుతుంది.

లెక్కలన్నీ కుదిరినా గ్రీన్‌కార్డు సంగతి మిగిలే ఉంది. రాష్ట్రంలో చట్టబద్ధమే అయినా ఫెడరల్ చట్టానికి గంజాయి నిషిద్ధమే. ఈ రంగంలో పనిచేసినవాళ్లకు పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తన దగ్గర చిక్కు రావచ్చని 2019 ఏప్రిల్‌లోనే పౌరసత్వ దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ యూఎస్‌సీఐఎస్ మార్గదర్శకాల్లో పెట్టింది. వాటా ‘పెట్టుబడి మాత్రమే’ అన్న సమర్థనతో బయటపడొచ్చనుకోకండి. సంతకం చేసేముందు ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఒప్పందం మొత్తం చూపించండి. ఆయన వద్దంటే ఓటింగు ఫలితం కోసం ఆగే పని కూడా లేదు.