ఎంబీడ్ మోకాలు, బావగారి ఆశ

ప్రశ్న: మేడమ్ గారూ, మేం పెన్సిల్వేనియాలోని ఎక్స్‌టన్‌లో ఉంటాం. మా అక్కావాళ్లది పక్క వీధే. బావగారు ఫిలడెల్ఫియా బాస్కెట్‌బాల్ జట్టు సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు) జోయెల్ ఎంబీడ్‌కి వీరాభిమాని. ఏటా సెప్టెంబర్ రాగానే "ఈసారి చూడు, డెబ్బై మ్యాచ్‌లు ఆడతాడు" అంటారు. నేను పాత లెక్కలు తీస్తే "శుభం పలకరా అంటే..." అని కసురుకుంటారు. గోల్డెన్ స్టేట్ జట్టు స్టార్ స్టెఫెన్ కరీకి కూడా చీలమండలు పోయాయి, తర్వాత చాంపియన్ కాలేదా అంటారు. నాది వాస్తవం, ఆయనది దింపుడు కళ్లం ఆశ అని నా అభిప్రాయం. పోయిన ఆదివారం భోజనాల దగ్గర మాటా మాటా పెరిగి "వాడో గాజు బొమ్మ బావా, ఇచ్చే జీతం దండగ" అన్నాను. ఆయన కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. ఇప్పుడేమో ఇద్దరం చెరి సగం వేసుకుని ఈ సీజన్‌లో కొన్ని మ్యాచ్‌లకి టికెట్లు కొందామని అక్క చేత అడిగిస్తున్నారు. మా ఇద్దరిలో ఎవరు రైటు? టికెట్లు కొనమంటారా?
— ఒక పాఠకుడు, ఎక్స్‌టన్

జవాబు: ముందు లెక్క చూద్దాం. లెక్కలో మీ మాటే నిలుస్తుంది. 2014లో ఫిలడెల్ఫియా ఎంబీడ్‌ని డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతి) మూడో ఆటగాడిగా తీసుకుంది. అప్పటికే కుడి పాదంలో నావిక్యులర్ అనే ఎముక చిట్లి ఆపరేషన్ అయింది. ఆ ఎముక నడిమి భాగానికి రక్తం సరిగ్గా అందదు కాబట్టి అతకడానికి చాలా కాలం పడుతుంది. మరుసటి ఏడాది అదే పాదానికి మళ్లీ ఆపరేషన్. రెండు సీజన్లు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2016 అక్టోబర్‌లో కోర్టులో దిగాడు, 31 మ్యాచ్‌లు ఆడేసరికి ఎడమ మోకాలు దెబ్బతింది. ఆ తర్వాతి సీజన్లలో వరసగా 63, 64, 51, 51, 68, 66, 39, 2024–25లో 19. అప్పటికి మొత్తం 11 సీజన్లలో 452 మ్యాచ్‌లు. సీజన్‌కి మామూలుగా 82 ఉంటాయి. కరోనా వల్ల తగ్గినవి తీసేసినా ఆడింది దాదాపు సగమే. ఆ సీజన్లలో 65 దాటింది రెండంటే రెండుసార్లు. బావగారు చెప్పే డెబ్బై ఒక్కసారీ రాలేదు. అదే మోకాలికి 2017లో, 2024లో, మళ్లీ 2025 ఏప్రిల్‌లో ఆపరేషన్లు అయ్యాయి. ఇప్పుడు ముప్పై దాటిన వయసులో ఆ డెబ్బై వస్తుందని నేనూ అనుకోవడం లేదు.

కరీ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పోలిక నాకు వచ్చే ఉత్తరాల్లో చాలామంది చేస్తారు. 2011–12లో కరీ 26 మ్యాచ్‌లే ఆడిన మాట నిజం. కానీ అతని బాధ చీలమండది. తుంటి కండరాల బలం పెంచి, దిశ మార్చేటప్పుడు చీలమండ మీద పడే భారాన్ని తగ్గించారు. అంటే చుట్టూ ఉన్న కండరాలతో కీలుని కాపాడుకునే వీలుంది. ఎంబీడ్‌ది మెనిస్కస్. మోకాల్లో రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి అది. దాని బయటి అంచుకే రక్తం అందుతుంది. లోపలివైపు చిరిగితే తనంతట తాను అతుక్కోదు, చాలాసార్లు ఆ ముక్కని కత్తిరించి తీసేయాల్సి వస్తుంది. తీసేసింది మళ్లీ పెరగదు. ఆ మోకాలి మీద ఏడడుగుల మనిషి, నూట ఇరవై కిలోలు దాటిన బరువు, గాల్లోకి ఎగిరి దిగుతుంటే ఏమవుతుందో ఊహించండి. "ఎన్ని గాయాలు" అని లెక్కపెట్టే బదులు "ఏ గాయం" అని అడిగితే మీ ఇంట్లో సగం వాదన తగ్గుతుంది.

ఇంతవరకు నేను మీ పక్షమే. "గాజు బొమ్మ" దగ్గర మాత్రం మీతో లేను.

2024 జనవరి 22న శాన్ ఆంటోనియో మీద ఎంబీడ్ 70 పాయింట్లు కొట్టాడు. విల్ట్ చాంబర్లెయిన్ పేరు మీదున్న ఫిలడెల్ఫియా జట్టు రికార్డు 68 అలా పోయింది. అదే వారంలో డెన్వర్‌లో మ్యాచ్. మోకాలు నొప్పి అని ఆట మొదలయ్యే ముందు తప్పుకున్నాడు. డెన్వర్ సెంటర్ జోకిచ్‌కి ఎదురుపడటం భయమని, డెన్వర్ వస్తే ఎప్పుడూ ఇంతేనని ఊరూవాడా ఎగతాళి. దానికి తోడు, 65 మ్యాచ్‌లు ఆడకపోతే ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) అవార్డుకి అర్హత ఉండదన్న నిబంధన ఆ సీజన్‌లోనే వచ్చింది. తర్వాతి మ్యాచ్ పోర్ట్‌లాండ్‌లో, అందులోనూ ఆడలేదు. 30న గోల్డెన్ స్టేట్ మీద దిగాడు.

ఆ మ్యాచ్ ఇక్కడ మాకు పొద్దున్న వస్తుంది, విజయవాడలో కాఫీ గ్లాసు పట్టుకుని చూశాను. షాట్లు పడలేదని నాకు బెంగ లేదు. రీబౌండ్‌కి (రింగ్ తగిలి వెనక్కొచ్చే బంతికి) ఎగిరి దిగినప్పుడల్లా బరువంతా కుడికాలి మీదే వేస్తున్నాడు. వెనక్కి పరుగెత్తేటప్పుడు ఎడమకాలి అడుగు పొట్టిగా పడుతోంది. నేను ఆడపిల్లలకి కోచింగ్ ఇస్తాను. నా దగ్గర ఏ పిల్ల అలా దిగినా ఆ క్షణమే బయటికి పిలుస్తాను. నాలుగో క్వార్టర్‌లో బంతి కోసం కలబడ్డప్పుడు గోల్డెన్ స్టేట్ ఆటగాడు జొనాథన్ కుమింగా అతని ఎడమ మోకాలి మీద పడ్డాడు. ఫిబ్రవరిలో ఆపరేషన్. మీద పడటం ప్రమాదమే, ఎవరి తప్పూ కాదు. కానీ ఆ రోజు అతను కోర్టులో ఉండాల్సిన మనిషి కాదని నా గట్టి నమ్మకం. గాజు బొమ్మ అన్నవాళ్లందరి మాటా ఆ రాత్రి అతని భుజాల మీదే ఉంది.

రెండు నెలలకే తిరిగొచ్చాడు. ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర జరిగే నాకౌట్ సిరీస్‌లు) న్యూయార్క్ మీద మూడో మ్యాచ్‌లో 50 పాయింట్లు చేశాడు. బెల్స్ పాల్సీ వల్ల ముఖం ఒకవైపు వంకర పోయి, కన్ను సరిగ్గా మూతపడని స్థితిలో చేసిన పాయింట్లవి. ఆ సిరీస్ ఓడిపోయారు. ఎంబీడ్ వచ్చాక 2025 వరకు ఫిలడెల్ఫియా ప్లేఆఫ్స్‌లో రెండో రౌండ్ దాటిందే లేదు, అది కూడా నిజం. 2019లో టొరంటోలో ఆ జట్టు ఆటగాడు కవాయ్ లెనర్డ్ వేసిన చివరి షాట్ రింగ్ మీద నాలుగుసార్లు గెంతి లోపల పడ్డప్పుడు ఈ మనిషి ఏడుస్తూ లోపలికి వెళ్లాడు. కామెరూన్‌లో పదిహేనో పదహారో ఏట బంతి పట్టుకున్నాడు. మొదటిసారి గాయపడి కూర్చున్న 2014లోనే చిన్న తమ్ముణ్ని పోగొట్టుకున్నాడు. బావగారు ఇవన్నీ చూస్తూ వచ్చారు. ఆయన కంచం ముందు నుంచి లేచారంటే మీరు తీసిన లెక్కలకి కాదు, మీరన్న ఆ మాటకి. వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోండి. లెక్కలు వెనక్కి తీసుకోనక్కర్లేదు.

మరి ఆశకి చోటే లేదా అంటే, ఉంది. దానికి కరీ కంటే బిల్ వాల్టన్ మంచి ఉదాహరణ. పాదం ఎముకలు విరిగి సీజన్లకి సీజన్లే పోగొట్టుకున్న సెంటర్ ఆయన. 1985–86లో బోస్టన్‌కి వెళ్లి, బెంచీ మీద నుంచి వచ్చి, తక్కువ నిమిషాలు ఆడుతూ 80 మ్యాచ్‌లు ఆడాడు, చాంపియన్ అయ్యాడు. గ్రాంట్ హిల్ ఇంకో మనిషి. చీలమండ వల్ల 2003–04లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, 36 ఏళ్ల వయసులో ఫీనిక్స్‌లో 82కి 82 ఆడాడు. ఇద్దరూ పాత వైభవంతో తిరిగి రాలేదు. చిన్న పాత్ర ఒప్పుకుని వచ్చారు. ఎంబీడ్ కూడా వరస రోజుల్లో రెండు మ్యాచ్‌లు ఇక ఆడకపోవచ్చని 2024లోనే తన నోటితో చెప్పాడు. మ్యాచ్‌కి సగటున 33 పాయింట్లు కొట్టి ఎంవీపీ అయిన 2023 నాటి ఎంబీడ్ కోసం కాచుకుంటే బావగారికి కన్నీళ్లే మిగులుతాయి. పాతిక నిమిషాలు ఆడి, పాసులిచ్చి, రింగ్ దగ్గర అడ్డంగా నిలబడే ఎంబీడ్ కోసం చూడమనండి. అతను రావచ్చు, వస్తాడనే నా ఆశ.

టికెట్లు కొనండి. వరస రోజుల్లో మ్యాచ్‌లున్న తేదీలు షెడ్యూల్లోనే కనిపిస్తాయి, వాటిని వదిలేయండి. మామూలుగా ఎవరు ఆడటం లేదో జట్లు ముందురోజు సాయంత్రమే ప్రకటిస్తాయి. ఆ జాబితా చూశాకే పిల్లలకి ఎంబీడ్‌ని చూపిస్తామని మాటివ్వండి. కేవలం ఎంబీడ్ కోసమే కొంటే మాత్రం వద్దంటాను. అదే జట్టులోని టైరీస్ మాక్సీ పరుగు కోసం, 2025 డ్రాఫ్ట్‌లో మూడో ఆటగాడిగా వచ్చిన వీజే ఎడ్జ్‌కోంబ్ కోసం కొనండి. ఆ రోజు 21 నంబరు ఎంబీడ్ కూడా దిగితే బావగారి ముఖం చూడటానికే మీ సగం డబ్బు గిట్టుబాటు అవుతుంది.

ప్రశ్న: ఆ 65 మ్యాచ్‌ల నిబంధన న్యాయమేనంటారా? టికెట్ కొన్నవాడికి స్టార్ ఆటగాడు కనబడాలి కదా?
— ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఒంట్లో బాగానే ఉండి విశ్రాంతి పేరుతో కూర్చునేవాళ్ల విషయంలో న్యాయమే. నొప్పితో ఉన్నవాణ్ని మాత్రం అది కోర్టులోకి నెడుతుంది. నిజంగా గాయపడ్డవాళ్లకి ఇంకాస్త వెసులుబాటు ఉండాలి. లేదా 82 మ్యాచ్‌లే తగ్గించాలి. రెండోది జరగదు, దాని మీద వచ్చే ఆదాయం అంత.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. స్కూల్ జట్టులో ఆడుతుంది. పది రోజుల క్రితం చీలమండ బెణికింది. వాపు తగ్గింది. వచ్చే వారం జిల్లా సెలక్షన్స్. కోచ్ "క్రేప్ బ్యాండేజ్ కట్టుకుని ఆడొచ్చు" అంటున్నారు, వాళ్ల నాన్న వద్దంటున్నారు. పాప ఏడుస్తోంది.
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, బెణికిన రోజున కాలు కింద పెట్టి నాలుగు అడుగులు వేయగలిగిందా? వేయలేకపోయి ఉంటే, ఎక్స్‌రే తీయించకపోతే, ముందు ఆ పని చేయండి. వేయగలిగిందంటే ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. బెణికిన కాలి మీద ఒంటికాలితో నిలబడి కళ్లు మూసుకోమనండి. తర్వాత అదే కాలితో పదిసార్లు గెంతమనండి. ఆ తర్వాత పరుగెత్తుతూ వచ్చి ఒక్కసారిగా ఆగి పక్కకి తిరగమనండి. ఇవన్నీ మంచి కాలితో ఎలా చేస్తుందో ముందు చూసి, రెండూ పోల్చండి.

"నొప్పిగా ఉందా" అని మాత్రం అడగకండి. సెలక్షన్స్ ముందు ఏ పిల్లా ఉందని చెప్పదు. నా దగ్గరైతే అందరూ "ఏం లేదు మేడమ్, ఆడతాను" అంటారు. మీరు ముఖం చూడకండి, పాదం చూడండి. దిగేటప్పుడు మడమ వణికినా, గెంతు పొట్టిగా పడినా, మంచి కాలి వైపు ఒరిగినా ఆ వారం ఆడటానికి లేదు. క్రేప్ బ్యాండేజ్ వాపుని కాస్త పట్టి ఉంచుతుంది కానీ, కీలుకి బలం ఇవ్వదు. సరిగ్గా మానకముందే ఆడితే అదే చీలమండ మళ్లీ మళ్లీ బెణుకుతుంది.

రెండు కాళ్లూ ఒకేలా కనిపిస్తే ఫిజియోథెరపిస్టుకి ఒకసారి చూపించి, ఆయన సరేనంటే పంపండి. లేదంటే కోచ్ గారితో వాళ్ల నాన్న కాకుండా మీరే మాట్లాడండి, పాప ఎదురుగా వద్దు. "ఈసారి రాదు, బాగుపడ్డాక మళ్లీ మీ దగ్గరికే పంపుతాం" అని చెప్పండి. రోజూ ఒంటికాలి మీద నిలబడే సాధన మాత్రం ఇవాళే మొదలుపెట్టించండి, పళ్లు తోముకునేటప్పుడు కూడా చేయొచ్చు. పాప కోర్టు పక్కన కూర్చుని ఫ్రీ త్రోలు లెక్క రాసే పని అడిగితే వెళ్లనివ్వండి.