పాఠకుల ప్రశ్నలు: ఫోన్‌తోనే వీడియో వృత్తి సాగుతుందా?

ప్రశ్న: చెన్నై టి.నగర్‌లోని పట్టుచీరల దుకాణాలకు కొంతకాలంగా ఫోన్‌తో ప్రచార వీడియోలు తీసి ఇస్తున్నాను. దుకాణం దీపాల కింద తీస్తే నల్లని చారలు కదులుతున్నాయి. చీర రంగు కూడా ఒక్కో షాట్‌లో ఒక్కోలా వస్తోందని యజమానులు కోప్పడుతున్నారు. అప్పు చేసి రెండు లక్షల కెమెరా కొనమంటారా?
– ఒక పాఠకుడు, కోడంబాకం

జవాబు: ఇప్పుడే కొనవద్దు. మీరు రాసిన రెండు లోపాలూ అన్నీ ఆటో మోడ్‌లో వదిలేసి తీయడం వల్ల వచ్చేవే. అలాగే తీస్తే రెండు లక్షల కెమెరాలోనూ అవే వస్తాయి.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి చాలా దీపాల వెలుగు కంటికి తెలియకుండానే సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. ఫోన్ ఎంచుకున్న షట్టర్ వేగం (ఒక్కో ఫ్రేము వెలుగును పట్టుకునే సమయం) దానికి పొసగనప్పుడు చారలు పడతాయి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు సెకనులో 50వ వంతు అని బిగించి పెట్టుకుంటే చాలావరకు పోతాయి. మీ ఫోన్‌లో ఆ వీలు లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఉచిత యాప్ ఉంది. అది 2023లో ఐఫోన్‌కు, 2024లో కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు వచ్చింది.

రంగు విషయంలో యజమానుల కోపం న్యాయమైనదే, ఎందుకంటే వారు అమ్ముకునేది ఆ రంగునే. మెరూన్ చీర పరచగానే ఫోన్ చిత్రాన్ని వెలిగిస్తుంది, దాని పక్కన గంధం రంగు చీర విప్పగానే మసకబారుస్తుంది. ఈలోగా వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును బట్టి తెలుపును తెల్లగా చూపే అమరిక) కూడా మారిపోయి, చీర చూపిస్తున్న అమ్మాయి ముఖం ఒకసారి పసుపుగా, మరొకసారి నీలంగా కనిపిస్తుంది. అందుకని చీరలు పరిచే చోటనే ఒక తెల్లకాగితం పట్టుకుని, వైట్ బ్యాలెన్స్‌నూ ఎక్స్‌పోజరునూ (చిత్రం ఎంత వెలుగుగా ఉండాలన్నది) లాక్ చేసి, ఆ తరువాతే మొదలుపెట్టండి. అద్దాల తలుపులోంచి ఎండ, లోపలి నుంచి ఎల్‌ఈడీ వెలుగు కలిసి పడితే ఏ లాకూ పనిచేయదు కాబట్టి ఏదో ఒకదాన్ని ఆపించాలి. వెలుగునీడల తేడాను ఎక్కువగా పట్టే హెచ్‌డీఆర్ అమరికను కూడా ఆపేయండి. ఎడిటింగ్‌లో జరీ వివరాలు పోయి తెల్లబడిపోవడానికి చాలాసార్లు అదే కారణం. ఫోన్‌ను తనంతట తాను లెన్సు కూడా మార్చనివ్వకండి, ప్రధాన లెన్సుతోనే తీయండి. చాలా ఫోన్లలో ప్రధాన లెన్సు వెనుక ఉన్న సెన్సరే పెద్దది.

అప్పు సొమ్ములో చిన్న భాగంతో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో ఒక మంచి కాలర్ మైకు, ఒక ఎల్‌ఈడీ లైటు దొరుకుతాయి. టి.నగర్ ఉస్మాన్ రోడ్డు హారన్ల మధ్య ఫోన్ సొంత మైకును నమ్ముకోవడం వృథా. కాలర్ మైకును పట్టు పైటకు తగిలేలా పెట్టవద్దు. గరగరలు వచ్చాక వాటిని తీసేయడం కష్టం.

ప్రశ్న: పెద్ద దర్శకులే ఫోన్‌తో సినిమాలు తీశారని చదివాను. బంధువుల పెళ్లికి నేనే ఫోన్‌తో తీస్తానని ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, అంబత్తూరు

జవాబు: చదివింది నిజమే. హాలీవుడ్ దర్శకుడు స్టీవెన్ సోడర్‌బర్గ్ 2018లో విడుదలైన ‘అన్‌సేన్’ను ఐఫోన్ 7 ప్లస్‌తోనే తీశారు. కానీ ఆయన నచ్చని షాట్‌ను మళ్లీ తీయగలడు. తలంబ్రాలు మళ్లీ పోయించలేము గదా! కల్యాణ మండపం చివరి వరుస నుంచి డిజిటల్ జూమ్ చేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. చెన్నై ఉక్కలో గంటల తరబడి 4కే తీస్తే ఫోన్ వేడెక్కి, రికార్డింగ్ దానంతటదే ఆగిపోవచ్చు. ఫోన్‌లో చోటు కూడా చూసుకోవాలి: ఐఫోన్‌లో మామూలు 4కే నిమిషానికి సుమారు 170 ఎంబీ తీసుకుంటే, ఎడిటింగ్ కోసం ఎక్కువ వివరాలు దాచే ప్రోరెస్ ఫార్మాట్‌కు సుమారు 6 జీబీ కావాలి.

కనుక ముహూర్తానికి కెమెరా అద్దెకు తెచ్చుకోండి, వడపళని, సాలిగ్రామం వైపు అద్దెకిచ్చేవారు ఉన్నారు. ఫోన్‌ను రెండో కెమెరాగా ట్రైపాడ్ మీద దగ్గరలో నిలబెట్టండి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం మాత్రం మరవకండి. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు మండపానికి దారి అడుగుతూ ఎవరో ఒకరు తప్పక ఫోన్ చేస్తారు.